కృష్ణా దిగువ డెల్టాలో ఇంకిన నీరు నష్టమా, నిల్వయా?

తోట్లవల్లూరు వద్ద కరకట్ట దాటి కృష్ణా లంకల్లోకి దిగితే పసుపు, కంద, అరటి, చెరకు తోటలు ఫిల్టర్ పాయింట్ల నీటితో సాగవుతూ కనిపిస్తాయి. అదే నది వెంట దివిసీమలోని కోడూరు, నాగాయలంకలకు చేరేసరికి భూగర్భజలం చాలాచోట్ల ఉప్పగా ఉంటుంది. అక్కడ కాలువ నీరే తాగునీటికి, సాగుకు దిక్కు. ఒకే నది, ఒకే జిల్లా. నీటి స్థితి మాత్రం రెండు విధాలు. నీటి పొదుపుపై రైతుకు అందుతున్న సిఫారసు మాత్రం ఒక్కటే.

బచావత్ ట్రిబ్యునల్ తీర్పు కృష్ణా డెల్టాకు 181.20 టీఎంసీల నదీజలాలు కేటాయించింది. భూగర్భజల వినియోగాన్ని నదీజల వినియోగంగా లెక్కించరాదని కూడా ఆ తీర్పే నిర్దేశించింది. రాష్ట్రాల మధ్య పంపకానికి అది అనుకూలమైన నియమమే గాని, పొలంలో ఆ విభజన నిలవదు. తీరగ్రామాల ఫిల్టర్ పాయింట్లలో పైకి వచ్చే నీరు వానతో పాటు నది ఇసుక నుండి, కాలువ గట్ల నుండి, వరి మడుల నుండి ఇంకినదే. 1855 నాటి ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ నీటిని కాలువలకు మళ్లించి, తెలియకుండానే ఈ నిల్వను కూడా పెంచాయి.

కనుక కాలువలో, మడిలో ఇంకిన నీటినంతా నష్టంగా లెక్కించే అలవాటును పునఃపరిశీలించాలి. తోట్లవల్లూరులో ఇంకిన నీటిని రైతు మరల తోడుకొనగలడు, అది నిల్వ. శివారు ఉప్పు నేలల్లో ఇంకిన నీరు ఉప్పు ఊటలో కలిసిపోతుంది. తిరిగి చేతికి రాదు. కాని అక్కడ కూడా దానిని వృథా అనలేము. వేళ్లమండలంలోని లవణాలను కిందికి కడిగేది ఆ నీరే. అటువంటి నేలల్లో తడి-పొడి పద్ధతి పేరిట మడిని ఆరనిస్తే కేశనాళికల ద్వారా ఉప్పు పైకి చేరి పైరును దెబ్బతీస్తుంది. నదీతీర మండలాల్లో ప్రయోజనకరమైన సిఫారసు సముద్రతీరంలో హానికరం కావచ్చు.

పొదుపు ఎగువన ఆరంభం కావాలి. మంచి ఊట ఉన్నచోట తోటలకు బిందు సేద్యం, వరికి తడి-పొడి పద్ధతి అనుసరిస్తే మిగిలిన కాలువ నీరు శివారు భూములకు చేరుతుంది. అయితే ఊటపై భారం మోపడానికీ హద్దు ఉంది. తీరప్రాంతంలో సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున మంచినీరు నిలిచి ఉంటే, సిద్ధాంతరీత్యా దాని కింద 40 మీటర్ల వరకు ఉప్పునీటిని అది అదిమి ఉంచుతుంది. ఆ ఒక్క మీటరు తగ్గితే కింది ఉప్పునీరు అన్ని రెట్లు పైకి జరుగుతుంది. ఉచిత విద్యుత్తు వలన తోడిన నీటికి ఖర్చు కనిపించదు. ఇసుక తవ్వకంతో నది అడుగు లోతైతే ఒడ్డు ఊట నదిలోకే జారిపోతుంది.

బ్యారేజీ దిగువన మరిన్ని కట్టడాలు కావాలన్న కోరిక ఈ నేపథ్యంలోనిదే. పశ్చిమాఫ్రికాలోని సెనెగల్ నదిపై 1986లో పూర్తయిన డయామా ఆనకట్ట సముద్రపు నీటిని అడ్డుకొంది. కాని నిలకడైన మంచినీటిలో జమ్ము విస్తరించింది, నత్తల ద్వారా వ్యాపించే బిల్హార్జియా వ్యాధి ప్రబలింది. కట్టడం ఉప్పును ఆపగలదు. దాని వెనుక నీటిమట్టం పెరిగినప్పుడు మురుగు కాలువలు ఎట్లు పారతాయన్న ప్రశ్నకు ముందే సమాధానం ఉండాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు తక్షణం చేయదగినది స్వల్పమే. ఫిల్టర్ పాయింటు లోతుతో పాటు నీటి విద్యుద్వాహకతను కూడా ఏటా వేసవిలోను, వానల తరువాతను కొలిచి గ్రామం వారీగా నమోదు చేయాలి. వరికి సాగునీటి విద్యుద్వాహకత మీటరుకు 2 డెసిసీమెన్లు దాటితే దిగుబడి తగ్గనారంభిస్తుంది. ఆ హద్దుకు చేరువైన గ్రామాల్లో కొత్త బోర్లను ప్రోత్సహించరాదు. ఇసుక నేలల్లో పైపొర మంచినీటిని మాత్రమే నెమ్మదిగా సేకరించే మెరుగుపరచిన దొరువు పద్ధతిని బాపట్ల పరిశోధన కేంద్రం ఇదివరకే రూపొందించింది. 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టం నియంత్రణాధికారాన్ని ఇచ్చింది. లోపించినది చట్టమూ కాదు, సాంకేతికతా కాదు. కాలువ, ఇసుక, ఊట మూడింటిని ఒకే ఖాతాలో చూసే అలవాటు లోపించింది. సిఫారసు మండలాన్ని బట్టి మారిననాడే శివారు రైతుకు న్యాయం జరుగుతుంది.