బందరు కోట ముందు జీతాల గొడవ

భోగాపురం విమానాశ్రయానికి విమానాలు వస్తే పక్కనున్న భీమిలి డచ్చి సమాధులకూ సందర్శకులు పెరుగుతారు. అక్కడి బోర్డుల మీద వర్తకుల వైభవంతో పాటు కూలి సైనికుడి బతుకూ రాయాలి. డచ్చి కంపెనీ సైనికుల్లో చాలామంది అసలు డచ్చివాళ్లే కారు, జర్మన్ ప్రాంతాల పేదలు. అయిదేళ్ల ఒప్పందం, నెలకు దాదాపు 9 గిల్డర్ల జీతం. ఓడ ఎక్కేదాకా తిండీ బసా చూసిన దళారి అప్పు అందులోంచే తీరాలి.

ఇంగ్లీషు కంపెనీ కథ మరీ రంజు.

ఫ్రెంచివాళ్ల మీదికి రమ్మని విజయనగరం రాజు ఆనంద గజపతి కబురంపితే, 1758లో క్లైవు కలకత్తా నుంచి కల్నల్ ఫోర్డును పంపాడు. వెంట సుమారు 500 మంది తెల్ల సైనికులు, 2,000 మంది సిపాయిలు. ఖర్చులకు రాజు నెలకు 50,000 రూపాయలివ్వాలి. చెందుర్తిలో గెలుపు వచ్చింది, డబ్బు మాత్రం సరిగా రాలేదు. 1759 మార్చిలో, ఫ్రెంచివాళ్ల బందరు కోట ముట్టడి మధ్యలోనే, తెల్ల సైనికులు ఆయుధాలతో బారులు తీరారు. రావలసింది ఇవ్వకపోతే వెళ్లిపోతామన్నారు. కోటలో దొరికే సొత్తంతా తమకే కావాలన్నారు. దీన్ని సమ్మె అనక ఏమనాలి? మన చరిత్రకారులు దీన్ని ఒక్క వాక్యంలో దాటేయడం అన్యాయం. ఫోర్డు నచ్చజెప్పి, మాటిచ్చి ఆపాడు. ఏప్రిల్ 7 రాత్రి కోట మీద పడ్డవాళ్లలో వాళ్లూ ఉన్నారు.