అర్జీలోని అంతరంగం

సొంత ఇల్లు సామాన్యుని చిరకాల స్వప్నం. ఆ స్వప్నం ఫలించడానికి ప్రభుత్వ సహాయం కోరేవాడు అర్జీకి ఆధార్ ప్రతిని, రేషన్ కార్డు ప్రతిని, బ్యాంకు పాసుపుస్తకం ప్రతిని జతచేస్తాడు. ఇందులో తప్పుపట్టవలసినది లేదు. గృహనిర్మాణ సహాయం నేడు పని సాగినకొద్దీ విడతలవారీగా లబ్ధిదారుని ఖాతాలోనే జమ అవుతున్నది. మధ్యవర్తుల చేతివాటాన్ని తగ్గించిన ఈ పద్ధతికి ఖాతా సంఖ్య తప్పనిసరి. చిక్కంతా తీసుకొన్నదానిని కాపాడడంలో ఉన్నది.

2018 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైటులో లక్షా ముప్పై వేలమందికి పైగా లబ్ధిదారుల వివరాలు బయటపడ్డాయి. చిరునామా, ఆధార్ సంఖ్య, బ్యాంకు ఖాతా సంఖ్య, చివరికి కులమతాలు కూడా ఎవరైనా చూడగల స్థితిలో ఉన్నాయి. విషయం పొక్కిన తరువాత వాటిని తొలగించారు. అప్పటికే చూసినవారి వద్ద నుండి తొలగించడం ఎవరి తరం? కంప్యూటరును మాత్రమే నిందించడమూ న్యాయం కాదు. 2024 జనవరిలో హైదరాబాదు బాలానగర్ వంతెనపై ప్రజాపాలన దరఖాస్తులు ద్విచక్రవాహనం మీది నుండి జారి రోడ్డుపాలయ్యాయి. ఇందిరమ్మ ఇల్లు కోరడానికి ప్రజలు నింపినవి ఆ దరఖాస్తులే.

ఖాతా సంఖ్య తెలిసినంత మాత్రాన సొమ్ము పోదు గదా అని కొందరంటారు. నిజమే. అయితే పేరు, ఫోను నంబరు, ఖాతా సంఖ్య తప్పు లేకుండా చదివి, "మీ ఇంటి బిల్లు మంజూరైంది, ఓటీపీ చెప్పండి" అని అడిగే గొంతును శంకించేవారెందరు? మోసగానికి కావలసినది ఆ నమ్మకమే.

పాసుపుస్తకం సంగతి మరీ విచిత్రం. ఖాతా సంఖ్య, ఐ.ఎఫ్.ఎస్.సి. కోడు సాధారణంగా మొదటి పుటలోనే ఉంటాయి. లోపలి పుటలలో అప్పు వాయిదాలు, కూతురు పంపిన సొమ్ము, ఆసుపత్రికి కట్టిన మొత్తం ఉంటాయి. "ఎందుకైనా మంచిది, అన్నీ పెట్టండి" అనే ఒక్క మాటతో సంసారమంతా జిరాక్సు దుకాణంలో పరచుకొంటుంది. ధనవంతుడు తన నిల్వను బంధువులకైనా చెప్పడు. పేదవాడు కాదనలేడు, కాదంటే ఇల్లు రాదేమోనని భయం.

ప్రజాధనం ఎవరికి చేరినదో ప్రజలకు తెలియవద్దా అన్న ప్రశ్న సమంజసమే. తెలియాలి. పూర్వపు దానశాసనాలలో దాత పేరు, ప్రతిగ్రహీత గోత్రం, భూమి ఎల్లలు చెక్కించేవారు. గ్రహీత పెట్టెలోని ధనమెంతో చెక్కించలేదు. లబ్ధిదారుని పేరు, ఊరు, మంజూరైన మొత్తం ప్రకటిస్తే పారదర్శకతకు లోటు లేదు.

గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం, సమాచారాన్ని భద్రపరిచే బాధ్యతను దానిని సేకరించినవారిపైనే మోపింది. కనుక అర్జీలో ఏ వివరం ఎందుకు అడుగుతున్నారో ఆ పక్కనే అచ్చు వేయించాలి. అక్కరలేని కాగితాన్ని అక్కడికక్కడే తిరిగి ఇవ్వాలి.

అర్జీ తిరస్కృతమైనవారి మాట మరీ దయనీయం. వారికి ఇల్లు రాలేదు. వారి పాసుపుస్తకపు ప్రతులు మాత్రం ఏ కార్యాలయపు ఏ మూటలో ఉన్నవో, ఎన్నాళ్ళుంటాయో వారికి చెప్పేవారు లేరు.