బోధన్ గేటు, బ్యారెల్ ధర

2015 డిసెంబరులో బోధన్ శక్కర్‌నగర్‌ చక్కెర ఫ్యాక్టరీలో లే-ఆఫ్ ప్రకటించారు. అదే కంపెనీకి చెందిన ముత్యంపేట, ముంబోజిపల్లి యూనిట్లకూ అదే గతి పట్టింది. నెల తిరక్కుండానే ముడిచమురు బ్యారెల్ 30 డాలర్ల కిందికి జారింది. 2014 మధ్యలో అది వంద డాలర్ల పైమాటే. పత్రికలు ఈ రెండు వార్తలనూ వేర్వేరు పేజీల్లో వేశాయి.

బోధన్ ఉన్న నిజామాబాద్ జిల్లాకు మాత్రం రెండూ ఒకే దెబ్బ. ఊళ్లో పని దొరక్కపోతే అప్పు చేసి, ఏజెంటు చేతిలో పోసి గల్ఫ్‌కు పోవడం ఇక్కడ దశాబ్దాల దారి. ఆ దారీ అప్పుడే ఇరుకైంది. చమురు రాబడి పడిపోయిన సౌదీలో కాంట్రాక్టర్లకు బిల్లులు ఆగాయి, కూలీలకు జీతాలు ఆగాయి. 2016 ఆగస్టు నాటికి సౌదీ ఓజర్ వంటి కంపెనీల క్యాంపుల్లో వేలమంది భారతీయులు తిండికి అల్లాడితే, జెద్దాలోని మన కాన్సులేట్ సరుకులు పంచాల్సి వచ్చింది.

అలాంటప్పుడు ఇల్లు నెట్టుకొచ్చేది ఆడవాళ్ల ఒళ్లోని బీడీల చాట. నానబెట్టిన తునికాకును కత్తెరతో కోసి, తంబాకు పోసి చుట్టి, దారం బిగించి, వెయ్యి బీడీలైతేనే కూలి లెక్క. ఆ ఏడాది దానికీ కష్టమొచ్చింది. ప్యాకెట్‌పై 85 శాతం హెచ్చరిక బొమ్మ ఉండాలన్న నిబంధనతో ఏప్రిల్‌లో కార్ఖానాలు కొన్నాళ్లు మూతపడ్డాయి. నవంబరులో నోట్ల రద్దు.

ఇదంతా నిరుద్యోగ లెక్కల్లో కనబడుతుందా? అనుమానమే. వారంలో ఒక్క గంట పనిచేసినా సర్వే లెక్కలో ఆ మనిషికి ఉపాధి ఉన్నట్టే. పర్మనెంటు కార్మికుడు అడ్డా కూలీగా మారితే అంకె కదలదు, కంచంలో కూర తగ్గుతుంది.

బ్యారెల్ ధర నిజామాబాద్ చేతిలో లేదు, నిజమే. ఫ్యాక్టరీ సంగతి అలా కాదు. 1937లో పుట్టి, మంజీర మీది నిజాంసాగర్ నీళ్లతో పండిన చెరకును నమ్ముకుని ఎదిగిన సంస్థ అది. 2002లో అందులో 51 శాతం వాటాను ప్రైవేటుకు ఇచ్చింది ప్రభుత్వమే. 2024లో తెరిపించే మార్గం చూడమని కమిటీ వేసిందీ ప్రభుత్వమే. కానీ గానుగ తిరగాలంటే ముందు చెరకు కావాలి. చాలామంది రైతులు ఈలోగా వరికి, సోయాకు మళ్లారు. చెరకు చేతికి రావడానికి దాదాపు ఏడాది పడుతుంది. గిట్టుబాటు ధరకూ, సకాలంలో చెల్లింపుకూ హామీ దొరక్కుండా ఏ రైతు ముందుగా ముచ్చె నాటుతాడు?