నెల తప్పింది

ఈసారి మాట మన డర్బన్ గుడి క్లాసులో నాకెవరూ నేర్పనిది. ఇప్పుడు నేను పాఠాలు చెబుతున్న అల్ ఖర్జ్‌లో నేర్చుకున్నాను.

మా పై అంతస్తులో అమలాపురం వైపు దంపతులు ఉంటారు. పోయిన జూలైలో ఆ అమ్మాయి వచ్చి, "టీచర్ గారూ, నెల తప్పిందండి" అంది. తప్పు అంటే పొరపాటు అనే నాకు తెలుసు. "ఏ నెల? క్యాలెండరులోనా?" అన్నాను. ఆమె నవ్వలేదు.

నెల తప్పడం అంటే నెలసరి రావలసిన రోజుకు రాకపోవడం. గర్భం వచ్చింది అనడానికీ ఇదే మాట వాడతారు. కానీ దిగులు వల్లా, జబ్బు వల్లా కూడా నెల తప్పవచ్చు. అందుకే పరీక్ష చేసుకోవాలి.

ఆమె అప్పటికే చేసుకుంది. ఒకటే గీత వచ్చింది. మర్నాడు నడుముకి ఎక్స్-రే ఉంది. "గర్భం లేదని చెప్పేయనాండి?" అని అడిగింది. నెలసరి తేదీకి ఇంకా నాలుగు రోజులు ఉండగానే పరీక్ష చేసిందట. పైగా ఆ కిట్ రెండు రోజులు భర్త కారులోనే ఉండిపోయింది. పెట్టెలోని కాగితం అరబీలో, ఇంగ్లీషులో ఉంది. ఆమె ఆ రెండూ చదవలేదు.

నేను ఇంగ్లీషు చూసి తెలుగులో చెప్పడం మొదలుపెట్టాను. రెండో వాక్యంలోనే ఆగిపోయాను. గుడిలో శ్లోకాలు నేర్పారు గానీ 'మూత్రం' అన్న మాట నేర్పలేదు! ఆమే అందించింది.

అండం గర్భాశయం గోడకు అంటుకున్నాకే హెచ్‌సీజీ అనే హార్మోన్ పుడుతుంది. మొదట్లో అది సుమారు రెండు మూడు రోజులకోసారి రెట్టింపవుతుంది. కాబట్టి తొందరపడి చేస్తే, గర్భం ఉన్నా లేదనే చూపవచ్చు. నెల తప్పాక, పొద్దున లేవగానే వచ్చే మూత్రంతో చెయ్యండి. ముందు చెంబులకొద్దీ నీళ్ళు తాగితే మూత్రం పలచబడుతుంది. రంజాన్‌లో తెల్లవారుజామున బాగా నీళ్ళు తాగేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి.

కిట్‌ను సాధారణంగా 30 డిగ్రీలు దాటని చోట ఉంచాలి. ఇక్కడ వేసవిలో బయటే 45 దాటుతుంది, ఇక మూసిన కారు సంగతి చెప్పాలా? గడువు తేదీ చూడండి. పొట్లం పరీక్షకు ముందే చింపండి. గడియారం దగ్గర పెట్టుకుని, కాగితంలో రాసిన నిమిషాల్లోనే చూడండి. ఆరిపోయాక కనిపించే గీతను లెక్కపెట్టకూడదు. 'సి' దగ్గర గీత రాకపోతే ఆ కిట్ పనిచేయలేదని అర్థం. ఒకే గీత వచ్చి, నెలసరి మాత్రం రాకపోతే, కొన్ని రోజులాగి మళ్ళీ చెయ్యండి, లేదా రక్తపరీక్ష చేయించుకోండి. పిల్లల కోసం హెచ్‌సీజీ ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళకు గర్భం లేకపోయినా రెండు గీతలు రావచ్చు. నెల తప్పినవాళ్ళకు పొత్తికడుపులో ఒక పక్క గట్టి నొప్పి, రక్తస్రావం, కళ్ళు తిరగడం ఉంటే కిట్ పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి. గర్భం గర్భాశయం బయట నిలిచి ఉండవచ్చు, అది ప్రాణం మీదికి తెస్తుంది. సౌదీలో అంబులెన్సుకు 997.

మనవాళ్ళకు ఒక ముచ్చట. 1930లలో మన కేప్‌టౌన్‌లో షాపిరో, జ్వారెన్‌స్టైన్ అనే ఇద్దరు ఈ పరీక్షను మన ప్లాటన్నా కప్పతో చేశారు. స్త్రీ మూత్రాన్ని ఆడకప్పకు ఎక్కిస్తే, గర్భం ఉంటే కొన్ని గంటల్లో అది గుడ్లు పెట్టేది. తర్వాత చాలా దేశాల ఆసుపత్రులకు ఆ కప్పలు వెళ్ళాయి. చెరకు తోటలకు మన పెద్దలు ఓడల్లో వచ్చారు, కప్పలు ఓడల్లో వెళ్ళాయి!

ఆ సాయంత్రం కొత్త కిట్ కొని ఏసీ గదిలో ఉంచాం. మర్నాడు తెల్లవారకముందే తలుపు చప్పుడైంది. "టీచర్ గారూ, ఇది గీతేనాండీ?" కాగితంలో ఐదు నిమిషాలని ఉంది. ఇంకా నాలుగోది నడుస్తోంది. రెండో గీత పలచగా ఉంది, కానీ ఉంది. ఎనిమిదింటికి ఎక్స్-రే వాళ్ళకు ఫోన్ చేశాం.

వచ్చే నెల మాట: వేవిళ్ళు.