మాట వెనుక కథ: చేతులు కడుక్కోవడం, బలిపశువు, తలాంతు



పరీక్షా ఫలితాలు వచ్చిన రోజు సాయంత్రం మన ఇళ్ళల్లో వినిపించే మాటలు ఒక్కసారి గుర్తు తెచ్చుకోండి. "వీడి చదువు విషయంలో ఇక నేను చేతులు కడుక్కున్నాను" అంటాడు తండ్రి. "పక్కింటి అమ్మాయికున్న తలాంతులో సగమైనా నీకు లేదేమిరా?" అంటుంది తల్లి. "ఇంట్లో ఏం జరిగినా నన్నే బలిపశువును చేస్తారు" అంటూ కొడుకు కంచం ముందునుంచి లేచిపోతాడు.

మూడు మాటలూ మనకు బాగా అలవాటైనవే. వాటి పుట్టుక తెలిస్తే మాత్రం ఇంకోసారి అనేముందు కాస్త ఆగుతాం.

"చేతులు కడుక్కోవడం" అనగానే మనకు పిలాతు గుర్తుకొస్తాడు. జనసమూహం ఎదుట నీళ్ళు తెప్పించుకొని చేతులు కడుక్కొని, ఈ రక్తానికి తాను బాధ్యుడిని కానన్నాడని మత్తయి సువార్త 27వ అధ్యాయంలో చదువుతాం. అయితే ఈ పద్ధతి అంతకంటే ఎంతో పాతది. ద్వితీయోపదేశకాండము 21వ అధ్యాయం చూడండి. పొలంలో ఒక మనిషి శవం దొరికింది, చంపినవాడెవడో తెలియదు. అప్పుడు పెద్దలూ న్యాయాధిపతులూ వచ్చి శవం నుండి చుట్టుపక్కల ఊళ్ళకు దూరం కొలవాలి. ఏ ఊరు దగ్గరైతే ఆ ఊరి పెద్దలు కాడి మోయని పెయ్యను, దున్నని, విత్తని ఏటి లోయకు తోలుకెళ్ళి, దాని మెడ విరుగగొట్టి, దానిమీద చేతులు కడుక్కోవాలి. తాము ఆ రక్తం చిందించలేదని చెప్పి, క్షమాపణ వేడుకోవాలి.

గమనించారా? వాళ్ళు ముందు దూరం కొలిచారు. "మనకు దగ్గరలో జరిగింది గనుక మనమే జవాబు చెప్పాలి" అని ముందుకు వచ్చి, ఆ తర్వాతే చేతులు కడుక్కున్నారు. పిలాతు చేతులు కడుక్కున్నది జవాబు చెప్పకుండా తప్పించుకోవడానికి. మన వాడుకలో నిలిచింది పిలాతు అర్థమే!

ఇక "బలిపశువు". జంతుబలి మన దేశంలోనూ పాత ఆచారమే. కానీ ఒకరి తప్పు మరొకరి నెత్తిన రుద్దడాన్ని చెప్పేటప్పుడు మనం ఈ మాటను ఇంగ్లీషులోని "స్కేప్‌గోట్"కు బదులుగా వాడుతున్నాం. ఆ ఇంగ్లీషు మాటను 1530లో తన బైబిలు అనువాదంలో తయారు చేసినవాడు విలియం టిండేల్. "తప్పించుకుపోయిన మేక" అని దాని భావం. మూలం లేవీయకాండము 16వ అధ్యాయంలో ఉంది. ప్రాయశ్చిత్త దినాన రెండు మేకలను తెచ్చి చీట్లు వేసేవారు. ఒకటి బలి అయ్యేది. రెండోదాని తలమీద అహరోను చేతులుంచి, ప్రజల పాపాలన్నీ ఒప్పుకొని, దాన్ని ప్రాణంతోనే అరణ్యానికి పంపించేవాడు.

అంటే నింద మోసిన మేక వధించబడిన మేక కాదు. అంతకన్నా ముఖ్యమైన సంగతి మరొకటుంది. అక్కడ "తప్పు మేకది" అని ఎవరూ అనలేదు. "తప్పు మాది" అని నోటితో ఒప్పుకున్న తర్వాతే మేక కదిలేది. మనమైతే ఒప్పుకోవడం వదిలేసి, మేకను మాత్రం ఉంచుకున్నాం.

చివరిది "తలాంతు". సండేస్కూలులోనూ, యౌవనస్థుల కూటాల్లోనూ పాడేవాళ్ళను, బొమ్మలు వేసేవాళ్ళను చూసి మనం అనే మాట ఇది. నిజానికి తలాంతు అంటే విద్య కాదు, తూకం! గ్రీకులో "తలాంతొన్" అంటే త్రాసు, తూనిక అని అర్థం. వెండి తూచే పెద్ద కొలత అది. ఒక తలాంతు 6,000 దేనారాలకు సమానం. మత్తయి 20వ అధ్యాయంలో ద్రాక్షతోట కూలివాని ఒక రోజు కూలి ఒక దేనారము. ఏడాదికి 300 పనిరోజులు అనుకున్నా, ఒక్క తలాంతు 20 ఏళ్ళ కష్టార్జితం! యేసు చెప్పిన ఉపమానం వల్లనే ఆ తూకం పేరు క్రమంగా మనిషి సామర్థ్యానికి పేరైంది.

కాబట్టి "వాడికి ఒక్క తలాంతే" అని జాలిపడే పని లేదు. ఒకటి పొందినవాడు కూడా పెద్ద మొత్తమే చేతబట్టుకున్నాడు. అతడు భయపడి దాన్ని భూమిలో దాచాడు. ఇంకో సంగతి: అయిదు పొందినవానికీ, రెండు పొందినవానికీ యజమాని ఇచ్చిన మెప్పు ఒక్కటే. ఎవరినీ పక్కవానితో పోల్చి చూడలేదు.

ఇప్పుడు మళ్ళీ ఆ సాయంత్రానికి వద్దాం. కంచం ముందునుంచి లేచిపోయిన ఆ పిల్లవానికి ఎవరు దగ్గర అని కొలిస్తే, బడి కాదు, స్నేహితులు కాదు, తల్లిదండ్రులమైన మనమే దగ్గర. "నీ చదువు నేను పట్టించుకోలేదురా, నా తప్పు కూడా ఉంది" అని ఒక్క మాట తండ్రి నోట వస్తే, ఆ ఇంట్లో బలిపశువు అవసరం ఉండదు. వాని చేతిలో ఉన్న ఆ ఒక్క తలాంతు ఏమిటో కూర్చొని వెదకడానికి తీరిక దొరుకుతుంది.

ఈ రాత్రి భోజనాల దగ్గర మీ పిల్లలకు ఈ మూడు కథలూ చెప్పండి. అన్నం చల్లారకముందే వాణ్ణి పిలవండి.