గొంతు మామ్మదే, మాట ఎవరిది?

మొన్న ఫిబ్రవరి 21న మాతృభాషా దినోత్సవానికి మన విద్యాలయంలో ఒక్కొక్కరం మన ఇంటి భాషలో మూడు నిమిషాలు ఏదైనా వినిపించాలన్నారు. నాకు తెలుగు మాట్లాడడం వచ్చు, కథ చెప్పేంత రాదు. ఖరగ్‌పూర్‌లో పుట్టి, రాయ్‌పూర్‌లో అమ్మ దగ్గర అ ఆలు దిద్ది, నాలుగేళ్ళ కిందట నాన్న బదిలీతో బోద్రీ వచ్చినదాన్ని. అందుకని సులువు దారి పట్టాను. పలాసలో ఉండే మా మామ్మ వాట్సాప్‌లో పంపిన మాటలు ఫోన్లో ఉన్నాయి. వాటిని ఒక ఏఐ యాప్‌కి ఇచ్చి, జీడితోటలో గడిచిన బాల్యం అంటూ ఒక కథ కూడా దానిచేతే రాయించి, మామ్మ గొంతుతో చదివించాను. పది నిమిషాల పని. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ ఆదివారం ఫోన్ చేసి మామ్మకు వినిపించాను. మొత్తం విని కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అంది: "గొంతుక నాదేనే అమ్మా. ఆ మాటలెవలివే? నన్నడిగితే నాను సెప్పీదాన్ని కదా."

నా కథలో పిట్టలు పాడాయి, పిల్లలు జీడిపళ్ళు కోసుకుని నవ్వుకున్నారు. మామ్మ బాల్యం తోటలో గడవలేదు. పన్నెండో ఏట నుంచి పిక్కలు కొట్టే చోటికి కూలికి వెళ్ళింది. (పలాస వైపు జీడిగింజను పిక్క అంటారు. యాప్ ఆ మాట వాడలేదు. నిజానికి నాకూ తెలియదు.) పిక్క పెంకులో సొన ఉంటుంది. అది తగిలితే చర్మం కాలుతుంది, వేళ్ళు నల్లబడతాయి. పెళ్ళిచూపులనాడు మామ్మ చేతులు కొంగులో దాచుకుని కూర్చుందట. ఇదంతా ఆ రోజే మొదటిసారి విన్నాను. మర్నాడు మా టీచర్‌గారికి జరిగింది చెప్పేశాను.

పెద్ద కళాకారుల విషయంలోనూ ఇలాంటి తగవు వచ్చింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం గారు 2020 సెప్టెంబరులో కన్నుమూశారు. 2023లో వచ్చిన 'కీడా కోలా' సినిమాలో ఆయన గొంతును ఏఐతో పుట్టించి వాడారనీ, తమను అడగలేదనీ ఆయన కుమారుడు ఎస్.పి. చరణ్ గారు చిత్ర బృందానికి లీగల్ నోటీసు పంపారు. ఇంచుమించు అప్పుడే ఏ.ఆర్. రెహమాన్ గారు 'లాల్ సలామ్' అనే తమిళ సినిమా పాటకి చనిపోయిన ఇద్దరు గాయకుల గొంతులను ఏఐతోనే తెప్పించారు. కానీ ముందే వాళ్ళ కుటుంబాల అనుమతి తీసుకున్నామనీ, పారితోషికం ఇచ్చామనీ ఆయనే ప్రకటించారు. రెండుచోట్లా ఏఐయే. తేడా అడగడంలో ఉంది.

నాకు మాత్రం అనుమతి ఒక్కటే చాలదనిపిస్తుంది. మామ్మ ముందే సరేనన్నా నా కథ అబద్ధమే కదా. బాలుగారు ఉంటే ఆ మాటలు పలికేవారో లేదో, పలికితే ఎలా పలికేవారో ఇంక ఎవరూ చెప్పలేరు, కొడుకైనా సరే.

మనలాంటి బదిలీ పిల్లలకు ఈ చిక్కు ఇంకా ఎక్కువ. మూడేళ్ళకో ఊరు, సొంతూరు సెలవుల్లోనే. తెలుగు పండగ గురించి రాయమని ఏఐని అడిగితే నాకు గోదావరి, కొబ్బరిచెట్లు, గొబ్బెమ్మలు ఇచ్చింది. సరిచూసుకోవడానికి మన దగ్గర ఏమీ ఉండదు కాబట్టి అదే మన ఊరనుకుంటాం. నా సంక్రాంతిలో గొబ్బెమ్మలు లేవు. ఆ రోజుల్లోనే ఇక్కడి పిల్లలు ఛేర్‌ఛేరా పండక్కి సంచులు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి వడ్లు అడుగుతారు. మా గుమ్మంలోకి వస్తే అమ్మ బియ్యంతోపాటు అరిసెలు కూడా వేస్తుంది. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచి బిలాస్‌పూర్‌లో తెలుగువాళ్ళున్నారు. ఇదీ తెలుగువాళ్ళ సంక్రాంతే. మనం రాయకపోతే ఏ యంత్రానికి తెలుస్తుంది?

"ఏఐ లేకపోతే నువ్వు తెలుగులో మూడు నిమిషాలు మాట్లాడేదానివా?" అని అన్నయ్య అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. ఈ వ్యాసంలో ఒత్తులు, దీర్ఘాలు ఏఐతోనే సరిచూసుకున్నాను. అది మామ్మ "సెప్పీదాన్ని"ని "చెప్పేదాన్ని" అని దిద్దింది. మళ్ళీ వెనక్కి మార్చాను.

ఇదంతా రాయనా అని ఈసారి మామ్మను ముందే అడిగాను. పెళ్ళిచూపుల ముక్క వద్దంది. రెండు రోజులాగి తనే ఫోన్ చేసి, "పోనీలే, రాసీ" అంది.