పిడి ఎవరి చేతికి?

స్త్రీవాద సాహిత్య విమర్శలో పనిముట్టుకి గొప్ప గౌరవమే ఉంది, అది ఉపమానంగా ఉన్నంతసేపూ. 1979లో న్యూయార్క్ సదస్సులో ఆడ్రీ లార్డ్ యజమాని పనిముట్ల గురించి ప్రసంగించిన దగ్గర్నుంచీ ఆ మాట మన సెమినార్లలో నలుగుతూనే ఉంది. ఆమె కోపం న్యాయమైనది, ఆమె ప్రశ్న ఇంకా తీరలేదు. నా పేచీ ఆమెతో కాదు. ఆ పనిముట్టు బరువెంత, దాని పిడి ఎవరి చేతి కొలతకి చేశారు, రోజంతా పట్టుకున్న వేళ్లకి ఏమవుతుంది అని ఒక్కసారైనా అడగని మన విమర్శతో.

చైన్ సానే తీసుకుందాం. దాని పుట్టుక కథ చెబితే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది. 18వ శతాబ్దం చివర స్కాట్లండ్‌లో జాన్ ఐట్కెన్, జేమ్స్ జెఫ్రే అనే ఇద్దరు వైద్యులు పళ్లున్న సన్నటి గొలుసు రంపాన్ని తయారుచేయించారు. కాన్పు కష్టమైనప్పుడు తల్లి కటి ఎముకల ముందరి కీలుని కోయడానికి, పాడైన ఎముకల్ని తీసేయడానికి. 1785లో ఐట్కెన్ ప్రసూతి గ్రంథంలో దాని బొమ్మ ఉంది. మత్తుమందు ఇంకా రాని రోజులు. ఈ కథ వినగానే మనకి కోపం వస్తుంది, రావాలి కూడా. కానీ ఆ గొలుసుకి రెండు చివరలా రెండు పిడులున్నాయి. కోతపడ్డ శరీరాన్ని చదవడం మనం నేర్చుకున్నాం. పిడి పట్టిన చేతిగా స్త్రీని చదవడం దగ్గరికి వచ్చేసరికి మన విమర్శ ఆగిపోతుంది.

ఇప్పటి చైన్ సాకి కూడా రెండు పిడులే. వెనకది కుడి చేతికి, యాక్సిలరేటర్ మీట దానికే ఉంటుంది. ముందుది ఎడమ చేతికి, యంత్రం మీదుగా వంపు తిరిగిన గొట్టం. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లూ ఇలాగే పట్టుకోవాలి. అమెరికా పశ్చిమ తీరంలో, ఆరెగాన్, వాషింగ్టన్ రాష్ట్రాల ఏటవాలు అడవుల్లో డగ్లస్ ఫర్ లాంటి పెద్ద చెట్లు కొట్టేవాళ్లకి ఆ మామూలు గొట్టం చాలదు. చెట్టుకి ఏ పక్కన నిలబడినా రంపాన్ని వాల్చి పట్టుకునేలా యంత్రాన్ని చుట్టివచ్చే పిడి కావాలి. కంపెనీలు అలాంటివి అమ్ముతాయి. అవి నప్పనివాళ్లు, పాత మోడల్‌కి దొరకనివాళ్లు తమ షెడ్డులోనే అల్యూమినియం గొట్టం వంచి, అతికి, సొంత పిడి చేసుకుంటారు.

ఇది తేలికైన పనేం కాదు. ఇనుము ఎర్రబడి హెచ్చరిస్తుంది. అల్యూమినియం రంగు మారకుండానే, 660 డిగ్రీల దగ్గర, కారిపోతుంది. అందుకని ముందు ఎసిటిలీన్ మంటతో గొట్టానికి మసి పట్టించి, ఆ మసి కాలిపోయేదాకా మళ్లీ వేడిచేస్తారు. మసి పోయిందంటే లోహం వంచడానికి మెత్తబడిందని లెక్క. వంపు దగ్గర నొక్కుకుపోకుండా లోపల పొడి ఇసుక కూరతారు. ఇక అతకడం. లోహం పైన కంటికి కనపడని ఆక్సైడ్ పొర ఒకటుంటుంది, అది కరగాలంటే 2000 డిగ్రీలు దాటాలి. మన ఆటోనగర్లలో ఆర్గాన్ వెల్డింగ్ అంటారే, ఆ పద్ధతిలో ఏసీ కరెంటు ఆ పొరని చెదరగొడుతుంటే ఆర్గాన్ వాయువు గాలి తగలకుండా కాపు కాస్తుంది. ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో ఫిల్లర్ రాడ్, చాలా యంత్రాలకి కాలి కింద కరెంటు పెంచి తగ్గించే పెడల్. (కుట్టుమిషన్ తొక్కిన వాళ్లకి చేతులకీ కాలికీ ఈ పొత్తు కొత్తేమీ కాదు. ఆ సంగతి ఎవరూ చెప్పరు.) 6061 రకం గట్టి మిశ్రమమైతే అతుకు పక్కన లోహం తన బలంలో మూడో వంతుకి పైగా పోగొట్టుకుంటుంది. అంతకన్నా పెద్ద ప్రమాదం ఇంకొకటి. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పిడికీ ఇంజన్‌కీ మధ్య, కంపనం చేతికి ఎక్కకుండా, రబ్బరు దిమ్మలో స్ప్రింగులో ఉంటాయి. వాటిని వదిలేసి కొత్త పిడిని తిన్నగా ఇంజన్‌కే బిగించారంటే అది చేతికి నప్పుతుంది, చేతిని తినేస్తుంది కూడా.

ఈ పని వెనకున్న ధీమా చూడండి. పిడి నప్పకపోతే లోపం పిడిదే తప్ప తన చేతిది కాదని ఆ మగవాడికి ఏ అనుమానమూ లేదు. అంగుళం పైకి లేపుతాడు, పక్కకి జరుపుతాడు, కోసి మళ్లీ అతుకుతాడు. దానికి ‘కస్టమ్’ అని ముద్దుపేరు. అదే పిడి ఒక స్త్రీకి నప్పకపోతే ఆమెకి బలం చాలదంటారు, ఇది ఆడవాళ్ల పని కాదంటారు, కాస్త ఉదారులైతే గులాబీ రంగు వేసిన బొమ్మలాంటి సామాను చేతిలో పెడతారు. మగ శరీరంలో తేడా ఉంటే పనిముట్టుని మారుస్తారు, ఆడ శరీరంలో తేడా ఉంటే మనిషినే మార్చేస్తారు. చైన్ సా పిడుల కొలతలకి ఐఎస్ఓ 7914 అని ఒక అంతర్జాతీయ ప్రమాణం ఉంది. పిడి చుట్టూ ఉండాల్సిన ‘కనీస’ ఖాళీ గురించి అని దాని పేరే చెబుతుంది. గ్లవ్స్ వేసుకున్న పెద్ద చెయ్యి ఇరుక్కోకూడదన్న శ్రద్ధ మంచిదే. చిన్న చెయ్యి అందుకోలేకపోవడం గురించిన శ్రద్ధ ఆ పేరులో వినిపించదు.

చేతిని తినేస్తుంది అన్నాను, అది అలంకారం కాదు. ఇండియానా రాష్ట్రంలోని బెడ్‌ఫర్డ్‌లో గాలి సుత్తులతో సున్నపురాయి చెక్కే కార్మికుల వేళ్లు చలిలో తెల్లబడి మొద్దుబారడాన్ని 1918లో పరిశీలించి రాసింది ఆలిస్ హామిల్టన్ అనే డాక్టరు. ఉలి పట్టే ఎడమ చెయ్యే ఎక్కువ దెబ్బతింటోందని ఆమె గమనించింది. మరుసటేడు ఆమె హార్వర్డ్‌లో తొలి మహిళా అధ్యాపకురాలైంది, ఫ్యాకల్టీ క్లబ్బులోకి మాత్రం రానివ్వలేదు. 1960ల్లో జపాన్, బ్రిటన్ అడవుల్లో చైన్ సా కార్మికులకి అదే జబ్బు కనిపించింది. ఇక స్త్రీల సంగతి. ఏ యంత్రమూ పట్టకపోయినా వేళ్లు తెల్లబడే రేనాడ్ లక్షణం స్త్రీలలోనే ఎక్కువ. అంటే రంపం పట్టిన స్త్రీ వేళ్లు తెల్లబడితే ‘అది మీ ఒంటి తత్వం’ అనడానికి సాకు ముందే సిద్ధంగా ఉంది. అమెరికాలో అడవి మంటలార్పే దళాల్లో చైన్ సా పట్టే స్త్రీలున్నారు. వాళ్లకి ఇది సిద్ధాంత చర్చ కాదు, నష్టపరిహారం కాగితం.

అడవులు నరకడమా మన ఆశయం అని అడిగేవాళ్లుంటారు. మంట పాకకుండా చెట్లు తొలగించి గీత తీసేది ఆ రంపమే. 2014లో హుద్‌హుద్ తర్వాత విశాఖ రోడ్ల మీద కూలిన చెట్లని కోసిందీ ఆ రంపమే. దాన్ని ముట్టనంత మాత్రాన మన చేతులు శుభ్రంగా ఉన్నాయనుకోవడం ఎలా? వంటింట్లో కత్తిపీట ముందు కూర్చోబెట్టినప్పుడు మాత్రం పదును గురించి ఏ ధర్మసందేహమూ ఎవరికీ రాలేదు.

మన దేశంలోనూ భోపాల్‌లోని కేంద్రీయ వ్యవసాయ ఇంజనీరింగ్ సంస్థ లాంటి చోట్ల వ్యవసాయ కూలి స్త్రీల శరీర కొలతలు తీసుకుని వాళ్లకి అనువైన పనిముట్లు రూపొందించారు. అవసరమైన పని, ఇంకా జరగాలి. కానీ అందులో కొలతలు ఇచ్చేది స్త్రీ, పిడి చేసేది వేరెవరో. ఆరెగాన్ మగవాడికి ఉన్నది అనువైన పిడి ఒక్కటే కాదు, నప్పని పిడిని కోసే అధికారం కూడా. నేనడిగేది ఆ టార్చి.

సాహిత్యం వాళ్లకి ఇందులో పనేమిటంటారా? శిక్షణ పొందిన స్త్రీ వెల్డర్లు ఎందుకు పని మానేస్తున్నారో తెలుసుకోమని 1943లో అమెరికా విద్యా విభాగం తన ఉద్యోగిని ఆగస్టా క్లాసన్‌ని అదే ఆరెగాన్‌లో ఒక ఓడల కార్ఖానాకి పంపింది. తనెవరో చెప్పకుండా ఆమె అక్కడ వెల్డరుగా చేరింది. అప్పుడు రాసుకున్న డైరీ 1944లో పుస్తకంగా వచ్చింది. యుద్ధం ముగిశాక ఆ కార్ఖానాల స్త్రీలలో చాలామందిని ఇంటికి పంపేశారు. స్త్రీల ఆత్మకథల మీద నేను చూసిన ఎం.ఏ. సిలబస్‌లలో దేహం ఉంది, మౌనం ఉంది, వంటిల్లు ఉంది. క్లాసన్ లేదు. ఆ పుస్తకం పెట్టండి. దాన్ని చదివే వారంలోనే విద్యార్థినుల్ని దగ్గర్లోని ఐటీఐ వెల్డింగ్ షెడ్డుకి తీసుకెళ్లండి. వెళ్లేముందు ఫోన్ చేసి, ఆడపిల్లల చేతికి పట్టే గ్లవ్స్ ఎన్ని జతలున్నాయో కనుక్కోండి.